నాలుగో నంబరు

హెడ్‌ఫోన్ ఇచ్చే ముందు ఐడీ కార్డు తీసుకున్నారు.
చెప్పులు వదిలినట్టు
పేరూ ఊరూ గుమ్మం దగ్గర వదిలేసి
నలభై ఇద్దరం గ్యాలరీ మెట్లెక్కాం.

రుషికొండ మీద కొత్త హాలు.
కింద గుర్రపునాడాలా వంగిన బల్ల చుట్టూ ఏడు దేశాలు.
ఒక్కో దేశానికి ఒక నీళ్ల సీసా, ఒక బుల్లి జెండా,
ఏసీ గాలికి కదలని జెండా.
బంగాళాఖాతపు ఉమ్మడి సభ, మూడో రోజు.
"చప్పుడు చెయ్యకండి" అన్నారు సత్యప్రభ మేడం
అందరికంటే గట్టిగా.

ఒకటి నొక్కితే ఇంగ్లీషు, రెండు హిందీ,
నాలుగు బంగ్లా,
ఆ తర్వాతవి నా చెవికి పేర్లు లేని భాషలు.
తొమ్మిది నొక్కితే ఒట్టి హోరు.
అద్దాల గోడ అవతల అసలు సముద్రం
నోరు కదుపుతోంది, వినబడదు.
"మనూళ్లో సభకి మన మాటకి నంబరు లేదేంట్రా"
తాతబాబు గొణిగాడు.
"వడ్డించేవాడి విస్తరి చివర్న వేస్తారు లేరా"
అంది పక్కనున్న హైమ, నోట్సు రాసుకుంటూ.

ప్రాంతీయ సమైక్యత అనగానేమి. పది మార్కులు.
రాసుకున్నాం: సుంకాల తగ్గింపు. రేవుల అనుసంధానం.
సరిహద్దు జలాల్లో చొరబాటు పడవలు, పట్టిక మూడు.

పట్టిక మూడులో ఎక్కడో ఒక అంకె
మా ఎర్రన్న మావ.

ఇంజను ఆగిపోయి రెండు రాత్రులు కొట్టుకుపోయారు.
నీళ్ల మీద గీతెక్కడుందో సూపించు బాబూ అని
బోటెక్కిన తుపాకీని తెలుగులో అడిగాడట.
ఐదు నెలలు.
అత్త పసుప్పచ్చ ఫైలు పట్టుకుని
ఆఫీసు ఆఫీసుకీ చెప్పులరగదీసింది,
చేపల గంప దించి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని.
వచ్చినరోజు మావ ఏం మాట్లాడలేదు.
మర్నాడు కంచంలో ముల్లు ఏరుకుంటూ,
"ఇలసని ఆళ్లు ఇలిష్ అంటారే.
ఎంత దూరమేటి? సివర్న నాలిక కూసింత జారితే సాలు"
అన్నాడు, పడవ జారిన సంగతి ఎత్తకుండా.
ఇంకోటి కూడా చెప్పాడు.
రాత్రి కాపలావాడు ఊచల అవతల నిలబడి
"భాత్ ఖాయిసో?" అనేవాడట.
అన్నం తిన్నావా అని.
తిన్నాడని తెలిసే అడిగేవాడట,
మా జాలరిపేటలో అడిగినట్టే.

నీలం చీరావిడ లేచింది. ఆ దేశపు మనిషి.
రెండో నంబరు తీసేసి నాలుగు పెట్టాను.
ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
వానలో నడుస్తున్నట్టు మాటలు తడుపుతూ పోతున్నాయి.
ఉన్నట్టుండి, ఇలిష్.
మళ్లీ, ఇలిష్.
గబగబా రెండుకి తిప్పాను:
మీరు వల ఎత్తిన నెలలో మేం వేస్తున్నాం,
మేం ఎత్తిన నెలలో మీరు.
గుడ్లు పెట్టబోయే చేపకి ఏ కేలండరు ఇద్దాం?
అందరం ఒకే రోజున వల ఎత్తుదామా?

అనుకూలురు చేతులెత్తండి, అన్నాడు అధ్యక్షుడు.
నా చెయ్యి లేచింది.
నేను లేపలేదు, లేచింది.
గార్డు వంగి నా భుజం తట్టాడు.
"గ్యాలరీకి ఓటు లేదమ్మా, సెయ్యి దించు."
ఆ సభ నాతో మాట్లాడిన తెలుగు అదొక్కటే.
తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.
కార్డు తిరిగిచ్చేటప్పుడు నా పేరు తప్పు చదివారు.

సాయంత్రం పేటలో మావ వలకి చిల్లులు కుడుతున్నాడు.
"ఏటి సూసొచ్చావే, పెద్దోళ్లనీ?"
"భాత్ ఖాయిసో, మావా?"
నవ్వాడు. పళ్ల మధ్య దారం పట్టుకునే నవ్వాడు.
తర్వాత చేతిలో సూది ఆగిపోయింది.
"ఐదు నెల్లు అడిగేడే ఆడు, దినమూ.
ఆడి పేరేటని నానొక్కపాలైనా అడగనేదు."